రేపటిని ముందే చూసొచ్చిన దుప్పి

సీతాఫలాల కోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్లు, నెమళ్లు ఉండేవి. వాటన్నిటికీ నీళ్ల మడుగు ఒక్కటే. రెండేళ్లుగా వానలు సరిగ్గా పడడం లేదు. ముందు ముందు ఎలా ఉంటుందో పెద్ద జంతువులకే అంతు పట్టడం లేదు.

ఆ ఏడే తల్లిని విడిచి సొంతంగా బతకడం మొదలుపెట్టింది మిణుకు అనే పడుచు దుప్పి. దానికి రేపంటే గుండెల్లో దడ. అయినా ముడుచుకుని కూర్చోలేదు. రోజుకో రేపటిని ఊహించుకుని, ఆ రోజంతా అందులోనే బతికేది!

"ఇవాళ మడుగు ఎండిపోయిందనుకుందాం" అని గుక్కెడు నీళ్లైనా తాగకుండా కొండెక్కింది. సాయంత్రానికి నాలుక పిడచకట్టుకుపోయింది కానీ, కొండ మీద ఒక సన్నని ఊట కనబడింది. మరో రోజు "అడవి అంటుకుందనుకుందాం" అని పడమటి బండల మీదుగా పరుగు తీసింది.

ఇదంతా కొమ్ముల రాయుడికి వేళాకోళంగా ఉండేది. మందలోకెల్లా పెద్ద కొమ్ములున్న మగదుప్పి అతనే. మడుగు పక్కన చల్లని నీడంతా తనదేనని ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

"ఎదురుగా నీళ్లు పెట్టుకుని దాహంతో తిరిగే పిచ్చిదాన్ని నిన్నే చూశానే!" అన్నాడు.

"నాకు రేపంటే భయం, అన్నా. అందుకే ముందే వెళ్లి చూసొస్తున్నాను" అంది మిణుకు.

"చూడ్డానికేముంది? మా తాతల నాటి నుంచి ఈ మడుగు ఎండలేదు. నేనిక్కడే ఉంటాను!"

నిజంగానే మడుగు ఎండలేదు. అడవీ అంటుకోలేదు. కానీ ఒక ఉదయం వేటాడే రేచుకుక్కల గుంపు వచ్చి మడుగు ఒడ్డున తిష్ఠ వేసింది. నీళ్లు కళ్ల ముందే ఉన్నాయి, తాగే దారి లేదు. రెండు రోజులకే దుప్పి పిల్లలు నిలబడలేక కూలబడ్డాయి.

"నా చోటు వదులుతానా!" అంటూ రాయుడు కొమ్ములు వంచి కుక్కల మీదికి దూకాడు. ఒక కొమ్ము విరిగి, తొడ చీలి, కుంటుకుంటూ తిరిగొచ్చాడు.

మందంతా మిణుకు వైపు చూసింది.

"ఇలాంటి రోజు నా ఊహకీ రాలేదు" అని ఒప్పుకుంది మిణుకు. కాసేపు ఆలోచించింది. ఎండకు కాలే బండల మీద వాసన నిలవదు. ఆ దారిన వెళితే కుక్కలు వెంటపడలేవు. బండలు దాటితే కొండ, కొండ మీద ఊట. వేర్వేరు రోజుల్లో తిరిగిన దారులు రెండూ దాని తలలో ఒక్కటయ్యాయి.

"నా వెనకే రండి" అంది. అడుగు తడబడకుండా బండల వైపు కదిలింది. ఆ వయసులో ఎంత నిబ్బరం! కూలబడ్డ పిల్లల్ని లేపుకుంటూ మంద మొత్తం ఆ పడుచుపిల్ల వెనక నడిచింది.

ఊట చిన్నది. ఒక్కొక్కరే తాగాలి. మిణుకు పక్కన నిలబడి, ముందు పిల్లల్ని, తర్వాత పెద్దల్ని పంపింది. రాయుడు తోసుకురాలేదు. అందరి వెనక నిలబడ్డాడు. తన వంతు రాగానే విరిగిన కొమ్ముతో తల దించి, పక్కకు జరిగాడు.

"ముందు నువ్వు తాగు, తల్లీ" అన్నాడు.

నీతి: రేపు ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు. కానీ నాలుగు విధాలుగా ఊహించి సిద్ధపడినవారికి, ఊహించని రేపు ఎదురైనా దారి దొరుకుతుంది.