నూకాలు పిండిన బాదం పాలు

అనగనగనగా, మనుషులకంటే గేదెలే ఎక్కువున్న ఒక ఊళ్ళో నూకాలని ఓ పిల్ల ఉండేది. ఎన్ని గేదెలనుకున్నావు? అన్నీ ఒక్కసారి తోకలాడిస్తే ఊళ్ళో దీపాలన్నీ ఆరిపోయేవి! నవ్వకు, నిజం.

అంత పాడి ఉన్న ఊళ్ళో పుట్టి కూడా మన నూకాలికి పాలు పడవు. ఒక్క గుక్క తాగిందా, ఇక పొట్టలో గడబిడే.

అప్పుడు దాని అన్న సింహాద్రి కొత్తిల్లు కట్టాడు. కొత్తింట్లో పాలు ఎవరు పొంగించాలి? ఇంటి ఆడపడుచే కదా! నూకాలు ఎగిరి గంతేసింది. కానీ ఆ ఊరికో కట్టుబాటుంది. పాలు పొంగించిన పిల్లే ఆ పాలతో వండిన పరమాన్నం మొదటి ముద్ద తినాలి. తినలేకపోతే పొంగించకూడదు.

"నీకెందుకే ఈ బాధ? నేను పొంగిస్తాలే," అంది చిన్నాన్న కూతురు పైడమ్మ, జడ తిప్పుకుంటూ. "నువ్వు పీట మీద కూచుని చూద్దువుగాని."

నూకాలికి ఒళ్ళు మండిపోయింది. "మా అన్న ఇంట్లో పొంగించడానికి నువ్వెవరే? నాకు పడే పాలు నేనే తెచ్చుకుంటాను, చూడు!"

ముందు ఆవుపాలు తాగింది. పొట్ట ఎంత గట్టిగా ఉరిమిందంటే, వాన వస్తోందనుకుని ఊళ్ళో ఆడాళ్ళంతా వడియాలు లోపలికి తీసేసుకున్నారు.

ఆ తర్వాత మేకపాలు తాగింది. పొట్ట ఎంత ఉబ్బిందంటే, గుమ్మంలో ఇరుక్కుపోయింది. అన్న ఇవతల్నించి లాగి, వదిన అవతల్నించి తోసి, ఎలాగో బయటపడేశారు.

ఆ తర్వాత సంతలో ఓ బండి కనిపించింది. బండి మీద 'బాదం పాలు' అని ఇంతింత అక్షరాలు. 'హమ్మయ్య, వీటికి గేదెతో పనే లేదు!' అనుకుని గటగటా గ్లాసుడు లాగించేసింది. అంతే! ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఒక్కో ఎక్కిలికి ఆ బండి ఒక్కో బారెడు వెనక్కి దొర్లింది!

"ఏం బాబాయ్, బాదం పాలల్లోకి గేదె ఎలా వచ్చింది?" అని పోట్లాటకి దిగింది.

బండాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్చి పిల్లా, బాదం పాలంటే గేదెపాలల్లో బాదంపొడి వేస్తారే! బాదం పప్పుని ఎవరైనా పిండుతారా?"

నూకాలి ఎక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి. "పిండితే?"

ఆయన నవ్వు కూడా ఆగిపోయింది.

అప్పుడు నూకాలు అన్న చేత సంచీడు బాదం పప్పు తెప్పించింది. నానబెట్టింది, తొక్క తీసింది, నీళ్ళు పోసుకుంటూ రుబ్బురోట్లో మెత్తగా రుబ్బింది. పాత పంచెలో మూటగట్టి పిండింది చూడు, తెల్లగా, చిక్కగా ధార కట్టింది! గ్లాసుడు తాగి కూచుంది. పొట్ట ఉరమలేదు, ఉబ్బలేదు, ఎక్కిళ్ళూ రాలేదు.

గృహప్రవేశం నాడు ఆ పాలే పొయ్యి మీద పెట్టింది. ఊరంతా మూగింది. పాలు కాగుతున్నాయి, చిక్కబడుతున్నాయి, పొంగవే!

"పప్పు నీళ్ళు ఎక్కడైనా పొంగుతాయా? లే లే, మా గేదెపాలు తెచ్చాను," అంది పైడమ్మ.

నూకాలు గిన్నెలోకి తొంగి చూసింది. సగమే ఉన్నాయి పాలు! గబగబా పిప్పిలో మళ్ళీ నీళ్ళు పోసి, "పట్టు వదినా!" అంది. ఇద్దరూ చెరో కొస పట్టి పంచెని మెలేశారు. ఆ పాలు అంచుదాకా పోసి, మంట ఎగదోసింది.

బుడగ లేచింది. నురగ లేచింది. బుస్సుమని పొంగింది చూడు! పొయ్యి దాటింది, గడప దాటింది, వీధిలోకి పారింది. గేదెలన్నీ వచ్చి నాకి, 'ఇవి ఎవరి పాలే?' అని ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి!

"పొంగాయి! మా చెల్లి పొంగించింది!" అని సింహాద్రి కొత్తింటి పెంకులు ఎగిరేలా అరిచాడు.

ఆ తర్వాత గిన్నెలో మిగిలిన పాలతో పరమాన్నం వండారు. నూకాలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఊరంతా దాని పొట్టకేసి చూసింది. పొట్ట కిక్కురుమనలేదు. పుట్టి బుద్ధెరిగాక పరమాన్నం రుచి చూడడం అదే మొదలు దానికి! విస్తరి ఊడ్చేసి, వేళ్ళు నాకి, "ఏమే పైడీ, అలా చూస్తావేం? మారు వడ్డించు!" అంది.

గేదెలేమో పాకకి,
గిన్నెలేమో తోముడికి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి!