దించడం మాత్రమే వచ్చిన కోదండం

ఇందులో ఒక్క మాట కల్పితమైనా చెప్పేదాని నోట్లో మిగిలివున్న ఆ రెండు పళ్ళూ ఈ పూటే రాలిపోవాలి. పొయ్యి మీద ఒట్టు, పిల్లి మీద ఒట్టు, మొన్న కలిపిన కొత్తావకాయ జాడీ మీద కూడా ఒట్టు. నమ్మకం కుదరనివాళ్ళు చింతలమెరక వెళ్ళి అడగవచ్చు. అక్కడ కాదనేవాళ్ళు ఒక్కరూ దొరకరు. అవుననేవాళ్ళూ దొరకరు, అది వేరే సంగతి.

లాకులపాలెంలో సోమలింగం గారని పాతకాలపు ఫొటోగ్రాఫరు ఒకాయన ఉండేవారు. ఆయన స్నానం చేసి కాలవ ఈవలి గట్టున నిలబడితే గడ్డం ఆవలి గట్టున ఆరేదంటారు. అంత ఉండకపోవచ్చు గాని, సగం కాలవ దాకా రావడం మాత్రం నిజం. శిష్యుడు ఏ ప్రశ్న అడిగినా అడిగిన నాడు జవాబు చెప్పకపోవడం ఆయన అలవాటు. వడియం పెట్టిన పూటే వేయించుకుంటామా, ప్రశ్నకు కూడా కాస్త ఎండ తగలాలి అనేవారు.

ఆయన శిష్యుల్లో కోదండమంత పనివాడు లేడు. చీమ తుమ్మితే ఆ తుమ్ము కూడా ఫిల్ము మీద పడేంత చురుకు అతని వేలిది. పని పూర్తిగా పట్టుబడ్డాక గురువుగారికి పళ్ళూ పంచే సమర్పించి, కాళ్ళకు దండం పెట్టి, సెలవు తీసుకుంటూ అడిగాడు: "గురువుగారూ, మా చింతలమెరకలో సొంతంగా స్టూడియో పెడుతున్నాను. కొత్తగా ఈ వ్యాపారంలోకి దిగేవాడు మొట్టమొదట కొనవలసిందేమిటి?"

సోమలింగం గారు చేతులకంటిన, ఫొటోలు కడిగే మందునీళ్ళు కడుక్కుంటూ, నీ భార్య పేరేమిటోయ్ అని అడిగారు. పేరిందేవి అన్నాడతను. ఆ అమ్మాయి ఏం మాట్లాడుతుంది అన్నారాయన. ఏం మాట్లాడదని అడగండి గురువుగారూ అని కోదండం నవ్వాడు. ఆయన నవ్వలేదు. తుడుచుకున్న తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

కోదండం తనకు తోచినవన్నీ కొన్నాడు. బెజవాడ నుంచి మూడుకాళ్ళ మీద నిలబడే పెద్ద కెమెరా, దాని మీద కప్పే నల్లగుడ్డ, పాలరాతి మెట్లూ గులాబీ తోటా రాసిన తెర, సింహాసనానికి మేనకోడలిలా ఉండే చెక్కడపు కుర్చీ. బియ్యం మిల్లు పక్కన గది తీసుకుని, ఎడమ గోడకు పెద్ద కిటికీ పెట్టించి, వీధివైపు అద్దాల షోకేసు కట్టించాడు. షోకేసులో పెట్టడానికి మాత్రం ఒక్క ఫొటో లేదు. అందుకని పెళ్ళాన్ని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

పేరిందేవి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆవిడ మాట్లాడుతుంటే కాకులు సందు కోసం కొమ్మల మీద వరస కట్టి కూచునేవి. ముఖం ఏ రెండు క్షణాలూ ఒక్కలా ఉండేది కాదు. కుడి కన్ను కోపంగా ఉన్నప్పుడే ఎడమ కన్ను నవ్వగలదు. అటువంటి ముఖాన్ని నిలబెట్టడం కాలవకు మూత పెట్టడం లాంటిది. కోదండం పెట్టాడు. గడ్డం పైకెత్తమన్నాడు, ఎడమకు తిరగమన్నాడు, పళ్ళు కనిపించకూడదన్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నాడు. ఆవిడ పెదవి చివర కొంచెం లేచింది. "కదలకు" అన్నాడు. మీట నొక్కాడు. నొక్కినవాడు నొక్కినట్టే ఫిల్ము పట్టుకుని చీకటిగదిలోకి పరుగెత్తాడు.

పళ్ళెంలో మందునీళ్ళ అడుగు నుంచి ఆ బొమ్మ తేలి వస్తుంటే అతనికే ఒళ్ళు జలదరించింది. ఆ పెదవి చివరి చిరునవ్వు చూసి దేవలోకంలో అప్సరసలు రాజీనామాలు రాసుకుని ఉంటారు. ఆనందంతో బయటికి వచ్చేసరికి పేరిందేవి కుర్చీలోనే ఉంది. గడ్డం పైకి, ముఖం ఎడమకు, చేతులు ఒళ్ళో. ఇంటికి పద అంటే లేచింది. నడిచింది. దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. మొదటి పూట కోదండానికి అది హాయిగానే ఉందని దాచడం దేనికి? ఊళ్ళో ఏ మొగుడైనా దాన్ని వరం అనే అనుకునేవాడు.

మర్నాటికి కొన్ని సంగతులు కనపడ్డాయి. తలలో మల్లెలు వాడలేదు. ఆ మర్నాడూ వాడలేదు. వంటింట్లో కూర్చోబెట్టినా, పెరట్లో నూతి దగ్గర నిలబెట్టినా, దీపం ముందు పెట్టినా ఆవిడ ఎడమ చెంప మీదే వెలుగు, కుడి కంటి కింద అదే కాస్త నీడ. పొద్దు ఏ మూల ఉన్నా ఆవిడకు మాత్రం స్టూడియో కిటికీలోంచే వచ్చేది. కోదండం ఎదురుగా వచ్చి నిలబడితే ఆవిడ చూపు అతని భుజం పక్కనుంచి పోయేది, అక్కడ ఎవరో నల్లగుడ్డ కప్పుకుని నిలబడ్డట్టు. అతను పక్కకు జరిగి ఆ చూపులోకి వస్తే, చూపు ఇంకో భుజం పక్కకు జరిగేది.

ఈలోగా షోకేసులో ఫొటో చూసి ఊరు విరగబడింది. పోస్టుమాస్టరు వచ్చి ఛాతీ విరుచుకుని ఫొటో దిగాడు, ఆ ఛాతీతోనే ఇంటికి పోయి అలాగే అన్నానికి కూర్చున్నాడు. గుక్క తిప్పుకోకుండా ఏడ్చే చంటిపిల్లల్ని తెచ్చారు, దిగిన పిల్ల మళ్ళీ ఏడ్చిన పాపాన పోలేదు. ఊళ్ళోవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు, కిటుకు పట్టేశారు. అత్తలు కోడళ్ళను రెక్క పట్టుకుని తెచ్చారు. కోడళ్ళు అత్తలను రిక్షా కట్టించుకుని తెచ్చారు. అప్పులవాణ్ణి తెచ్చినవాడొకడు, ఎదురింటి హరికథ భాగవతార్ని తెచ్చినవాడొకడు. మిల్లు దగ్గర మొదలైన వరస లాకులు దాటి, కాలవ దాటి, తోక ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోయింది. కోదండం "కదలకండి" అనేవాడు, మీట నొక్కేవాడు, చీకటిగదిలోకి పోయేవాడు. వ్యాపారమంటే అదీ.

చింతలమెరక నిశ్శబ్దమైపోయింది. పంచదార డబ్బా మీద చీమలు నడుస్తుంటే పక్కింటికి వినిపించేది. ఒకనాడు నడిమధ్యాహ్నం కోదండం భోజనానికి బయలుదేరాడు. నెత్తి మీద సూర్యుడు, కాళ్ళ కింద నీడ కూడా లేదు. వీధిలో ఎదురువచ్చే ప్రతివాడి ఎడమ చెంపా వెలుగుతోంది. ఒక్కరి చూపూ అతని మీద లేదు, అందరూ అతని పక్కనే ఇంకెవరినో చూస్తూ మర్యాదగా దాటిపోతున్నారు.

ఇంటికి వచ్చి తనే వండిన పప్పు తనూ తిని, ఆవిడకూ పెట్టాడు. ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు. ఇదివరకైతే ఆ ఒక్క ఉప్పు మీద పేరిందేవి అతని ఏడు తరాలనూ నడివీధిలో నిలబెట్టేది. ఇప్పుడు ముద్ద తరవాత ముద్ద తింది. అతను కంచం వదిలి ఆవిడ ముందు కూలబడి, ఒక్క తిట్టు తిట్టవే, నీకు పుణ్యముంటుంది అని బతిమాలాడు. పెదవి చివర ఆ చిరునవ్వే. అప్సరసలను తలదన్నిన ఆ నవ్వును చూసి అతను వెక్కివెక్కి ఏడ్చాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా బల్లకట్టెక్కి లాకులపాలెం పోయి పడ్డాడు.

"మా ఆవిడ ఫొటో దిగింది గురువుగారూ. అప్పట్నుంచీ మనిషి మనిషిలో లేదు."

"దిగింది సరే" అన్నారు సోమలింగం గారు. "ఎక్కిందా?"

కోదండానికి అర్థం కాలేదు. నూతిలో పూడిక తీయడానికి ఎవరినైనా దించితే గట్టు మీద తాడు పట్టుకుని ఎవరుంటారని ఆయన అడిగారు. దించినవాడే ఉంటాడండీ అన్నాడతను. మరి నువ్వు దించి ఎటు పోయావన్నారు. చీకటిగదిలోకండీ అన్నాడతను. ఆయన చేతికర్ర అందుకున్నారు.

చింతలమెరక చేరి పేరిందేవిని మళ్ళీ స్టూడియోకు తెప్పించి అదే కుర్చీలో కూర్చోబెట్టించారు. కెమెరా మీద నల్లగుడ్డ కప్పించి గోడవైపు తిప్పించారు. తరవాత తాను కూర్చోడానికి చుట్టూ చూశారు. ఆ గదిలో అన్నీ ఉన్నాయి గాని రెండో ఆసనం అంటూ లేదు. కోదండం ఎప్పుడూ నిలబడే పని చేసేవాడు. ఆయన నిట్టూర్చి, గడ్డం ఒళ్ళోకి తీసుకుని, ఆ అమ్మాయి ఎదుట నేల మీదే చతికిలబడ్డారు. మోకాళ్ళు అప్పుడు చేసిన చప్పుడుకు పక్క మిల్లులో బెల్టు తెగిందనుకుని మరలన్నీ ఆపేశారు.

ఆయన తల పైకెత్తి, మీ పుట్టిల్లు ఏ ఊరమ్మా అని అడిగారు. పందిరిపాడండీ అన్నాడు కోదండం. ఆయన అతని వైపు చూడకుండా, చిన్నప్పుడు ఇంట్లో నిన్నేమని పిలిచేవారని అడిగారు. పేరీ అనేవారండీ అన్నాడు కోదండం. ఈసారి ఆయన అటు తిరిగారు.

"నిన్నడగలేదోయ్."

ఆ ముక్క అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సోమలింగం గారు మళ్ళీ ఆ అమ్మాయి వైపు తిరిగి, పక్కింటివాళ్ళను చేటెడు బియ్యం అడిగినంత మెల్లగా అన్నారు: "వీడు మీట నొక్కేటప్పుడు నువ్వేదో చెప్పబోయావు. ఏమిటి తల్లీ అది?"

కోదండం అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. చెప్పడానికి అందులో ఏమీ లేదు. ఊరు ఊరంతా మెచ్చిన ఆ పెదవి చివర నవ్వే కాదని, మొదలుపెట్టిన మాట ఒకటి అక్కడ ఆగివుందని అతనికి ఆ క్షణం దాకా తట్టనే లేదు. గురువుగారు ఇంకేమీ అడగలేదు. ఎదురుచూస్తూ కూర్చున్నారు. కిటికీలో ఎండ నేల మీదికి దిగింది, నేల మీద పాకి ఆయన పాదాలు దాటింది, గోడ ఎక్కడం మొదలుపెట్టింది. ఆయన చూపు మాత్రం ఆవిడ ముఖం మీంచి కదల్లేదు. మిల్లు ఆగిన నిశ్శబ్దంలో మల్లెపువ్వు ఒకటి జారి పడింది. పడేటప్పుడు తెల్లగానే ఉంది, నేల తాకేసరికి చింతపిక్కలా నల్లబడింది.

అప్పుడు పెదవి చివర ఇంకొక వెంట్రుకవాసి లేచింది.

"ముక్కు మీద దురద" అంది పేరిందేవి. "ఒక్క క్షణం ఆగండీ అందామనుకున్నాను."

అని రెండు చేతులతోనూ ముక్కు పట్టుకుని ఎర్రగా కందేదాకా రుద్దుకుంది. మిగిలిన మల్లెలన్నీ జలజలా రాలాయి. గోడ మీద ఉన్న ఎండ ఉన్నచోటి నుంచే వచ్చి ఆవిడ కుడి చెంప మీద పడింది. ఇంకేముంది, ఇన్నాళ్ళ మాటలూ లాకులెత్తినట్టు వచ్చాయి. ఉప్పులేని పప్పు, మాడిన అన్నం, నూతి దగ్గర ఎండలో నిలబెట్టి మరిచిపోయిన పూట, తను వినడం లేదనుకుని ఊళ్ళోవాళ్ళ దగ్గర చెప్పుకున్న గొప్పలు, అన్నీ ఆవిడ ఆ ఫొటో అడుగున ఉండి చూసినవే, విన్నవే. ఆ ధాటికి కాకులు పొరుగూరికి వలసపోయి ఆ యేడాది అక్కడే పిల్లల్ని పెట్టాయి. కోదండం గోడకు ఆనుకుని నిలబడి, తాంబూలం అందుకున్నట్టు ఒక్కొక్క తిట్టూ అందుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అతను షోకేసులో ఫొటో ఇటు తిప్పి చూశాడు. ఫొటోలో గులాబీ తోట ఉంది, పాలరాతి మెట్లున్నాయి, కుర్చీ ఉంది. కుర్చీ ముందు, ఎవరో లేచి చరచరా వెళ్ళిపోయినట్టు ఒక మసక ఉంది. ఆ ఫొటో పక్కనుంచి అద్దానికి అవతల వీధి కనిపించింది. పోస్టుమాస్టరు, చంటిపిల్లల్నెత్తుకున్న తల్లులు, అత్తలు, కోడళ్ళు, భాగవతారు, ఎవరు పిలిచారో ఏమో, వచ్చి పొట్టివాళ్ళు ముందూ పొడుగువాళ్ళు వెనకా సర్దుకుని నిలబడి ఉన్నారు. అందరి ఎడమ చెంపలూ వెలుగుతున్నాయి. అందరి పెదవుల చివరా ఏదో ఒకటి ఆగివుంది. ఒక్కరూ కదలడం లేదు.

ఇంతమందినా గురువుగారూ అన్నాడు కోదండం.

సోమలింగం గారు అతని చెయ్యి ఊతం చేసుకుని నేల మీంచి లేచారు. మోకాళ్ళు రాసుకుంటూ ఆ చెక్కడపు కుర్చీని ఒకసారి, గుమ్మం బయటి జనాన్ని ఒకసారి చూశారు.

"ఆనాడు నువ్వడిగిన ప్రశ్నకు ఎండ తగిలిందోయ్. వడ్రంగి దగ్గరికి పోయి ఇంకో కుర్చీ పట్టుకురా" అన్నారు. "దీనికన్నా జానెడు పొట్టిది."