పై వరుసలో భిక్షుణులు

నాగదత్త స్థవిరుణ్ణి ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకడం అరుదు. పని తగలడం మాత్రం ఖాయం. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ విహారంలో ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా శిష్యుడు కణ్హుడు ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

“భంతే, సంఘంలో భిక్షుణుల చోటు ఎక్కడ?”

అడగడానికి కారణం ఉంది. భిక్షుణి మూలసిరి మూడు నెలలు నడుం విరిగేలా పనిచేసి, సభామండపం గోడ మీద బుద్ధుడి ధర్మసభను చిత్రించింది. నిన్న దీక్ష తీసుకున్న భిక్షువుకైనా నూరేళ్ల దీక్ష గల భిక్షుణి లేచి మొక్కాలన్నది నియమం. కనుక బొమ్మలోనూ భిక్షుణులు వెనకే కూర్చోవాలని పెద్దలు ముందే ఆజ్ఞాపించారు. ఆమె అలాగే వేసింది. కాని గోడ మీద వెనకవాళ్లను చూపాలంటే ముందువాళ్లకు పైనే కదా వెయ్యాలి! తెర తీసేసరికి భిక్షుణులంతా భిక్షువుల తలలపైన దర్జాగా కొలువుతీరి ఉన్నారు. పెద్దలకు అరికాలి మంట నెత్తికెక్కింది. మధ్యాహ్నంలోగా ఆ వరుసకు సున్నం కొట్టెయ్యమన్నారు. ఆ పని కణ్హుడి మీద పడింది.

“కొట్టెయ్. ముందు వాళ్లకు తగిన చోటేదో పక్కగోడ మీద బొగ్గుతో గీసి చూపించు,” అన్నాడు గురువు.

అదెంత పని అనుకున్నాడు కణ్హుడు. భిక్షుణులను కిందికి దించి గీశాడు. కిందంటే ముందు వరుస. భిక్షువులంతా వాళ్ల వెనక పడ్డారు! గబగబా చెరిపి, పైనే ఉంచి బాగా చిన్నగా గీశాడు.

మూలసిరి తొంగిచూసి, “చంటిపిల్లలకు కాషాయం కట్టారేమిటి అయ్యా?” అంది.

పెద్దలు మూగారు. “పక్కకు జరపవయ్యా!” అని ఒకరు. “పక్కనంటే సమానమైపోరూ?” అని మరొకరు. తలా ఒక బొగ్గుముక్క అందుకున్నారు. గోడంతా నల్లబడింది, ఒంటి మీది చీవరాలూ నల్లబడ్డాయి. అంత సందడి ఆ మండపం ఏనాడూ ఎరగదు. కణ్హుడు ఏదో తెలిసిపోతున్న సంతోషంతో గురువు దగ్గరికి పరుగెత్తాడు.

“భంతే, ఎక్కడ పెట్టినా చివరికి మనమే జరగాల్సి వస్తోంది!”

స్థవిరుడు పక్కనున్న సున్నం కుండను ఎవరికీ అందకుండా చంకన పెట్టుకుని లేచాడు.

“మరి జరగండి,” అన్నాడు.