పైడమ్మ ఉతికిన గలీబులు

"మెదడులో గడ్డ తీశాక కుట్టుకు చీము పట్టకుండా కాపాడేవాటిలో అన్నింటికన్నా గట్టిది ఏది మేడమ్?" అని డాక్టర్ త్రివిక్రమ్ ఒకనాటి ఉదయం తన గురువును అడిగాడు.

తెలియక అడగలేదు. జవాబు జేబులో పెట్టుకునే అడిగాడు. ఆ పెద్దాసుపత్రి మెదడు ఆపరేషన్ల వార్డులో చేరిన నెలకే అందరినీ గడగడలాడించిన మనిషి అతను. కోతకు ముందు పడాల్సిన ఇంజక్షను గడియారం చూసుకుని పడాలి. తల గొరగడానికి మంగలికత్తి దగ్గరికి రాకూడదు. చేతులు కడగనివాడు కట్టు ముట్టకూడదు. అన్నీ సరైనవే, ఒక్కదానికీ వంక పెట్టలేం. ఆ పైన వార్డు గుమ్మంలో ఒక పచ్చ బోర్డు పెట్టించి, "కుట్టు చెడని రోజులు" అని రాయించి, రోజూ పొద్దున్నే అంకె స్వయంగా మార్చేవాడు. "ఈ లెక్క ఎవరి మూలంగా చెడుతుందో వాళ్ళ సంగతి నేను చూస్తాను" అని నర్సులకూ, రోగుల మనుషులకూ ఒకే గొంతుతో చెప్పాడు. ఆనాటికి అంకె తొంభై తొమ్మిది.

ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు డాక్టర్ హైమవతి గారికి లేదు. ముప్పై ఏళ్ళుగా తలలు తెరిచి మూసిన మనిషి. నోరు తెరవడంలో మాత్రం ఎప్పుడూ తొందరపడలేదు. "చూద్దాంలే" అని వెళ్ళిపోయారు.

మర్నాడు వార్డు పెళ్ళివారిల్లులా ఉంది. బోర్డుకు బంతిపూల దండ పడింది. బల్ల మీద బూంది లడ్డూల పెట్టెలు. పదకొండు గంటలకు సూపరింటెండెంటు గారు వస్తున్నారు. ఇస్త్రీ మడత నలగని చొక్కాలో త్రివిక్రమ్‌కు కాలు నేల మీద ఆనడం లేదు. గురువు వెనకాల రౌండ్లకు నడుస్తున్నాడన్న మాటే గానీ, చెవులు మెట్ల వైపే ఉన్నాయి.

కిటికీ పక్క మంచం గున్నయ్యది. తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఉన్నట్టుండి నేల మీదే తూలిపోతుంటే తీసుకొచ్చారు. తల వెనక భాగంలో గడ్డ. తీసి ఎనిమిదో రోజు. కట్టు విప్పేశారు. పక్కన నిలబడిన భార్య పైడమ్మను చూడగానే త్రివిక్రమ్ మొహం విప్పారింది.

"మేడమ్, మిగతావాళ్ళంతా ఈవిణ్ణి చూసి నేర్చుకోవాలి. ఎప్పుడొచ్చినా దిండు మల్లెపువ్వులా ఉంటుంది. కుట్టు చూడండి, ఎంత పొడిగా ఉందో!"

పొగిడితే ఎవరైనా నవ్వుతారు. పైడమ్మ నవ్వలేదు. హైమవతి గారు దిండు వైపు చూడలేదు, పైడమ్మ చేతుల వైపు చూశారు. వేళ్ళన్నీ నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి.

"చేతులేమిటమ్మా అలా నానిపోయాయి?"

"గుడ్డలుతికినానమ్మా."

"ఎక్కడ ఆరేశావు?"

పైడమ్మ చూపు వెనక గుమ్మం వైపు పోయింది. హైమవతి గారు మరి అడగకుండా వెనక వరండాలోకి నడిచారు. పైడమ్మా, వాచీ చూసుకుంటూ త్రివిక్రమూ వెంట నడిచారు. ఇనప ఊచల మీద దిండు గలీబులు వరసగా ఆరుతున్నాయి. సగం పాతచీర చించి చేత్తో కుట్టినవి. తొమ్మిది.

"ఒక్క తలకు ఇన్నెందుకు పైడమ్మా? నిన్నెవరూ ఏమీ అనరు. నేనున్నాను, చెప్పు," అన్నారు హైమవతి గారు.

అంతే, ఆమె కట్ట తెగినట్టు ఏడ్చింది. "మూడ్రోజులయ్యిందమ్మా, కుట్టు కాడ నీల్లు కారతన్నాయి. తొంగుంటే తలగడంతా తడిసిపోతంది. మీరొచ్చే ముందల కొంగుతో అద్దేసి గలీబు మార్చేస్తన్నాను. నూరో రోజంట కదమ్మా! మా మూలాన లెక్క సెడిపోతే బాబుగారు ఊరుకోనన్నారు. ఎల్లగొట్టేస్తే ఈ మడిసినెక్కడికి తీసుకెల్లను?"

త్రివిక్రమ్‌కు ఒళ్ళు మండింది. "కొంగుతో అద్దావా? మూడు రోజులు దాచావా? నీకసలు బుద్ధుందా?"

"ఆ గొంతుకు భయపడే దాచింది," అన్నారు హైమవతి గారు. "ఇప్పుడు గొంతు కాదు, కాళ్ళు వాడు. పద."

ఇక పరుగే. మెదడు చుట్టూ ఉండే నీరు బయటికొచ్చే దారి దొరికిందంటే, బయటి క్రిములకు లోపలికి అదే దారి. అవి ఈపాటికి వెళ్ళాయా, లేదా? ఆ ఒక్క ప్రశ్న మీద గున్నయ్య ప్రాణం వేలాడుతోంది. అతన్ని కూర్చోబెట్టి ముందుకు వంచారు. కుట్టు కింది చివర ఒక చుక్క ఊరింది, నిలిచింది, జారింది. నీళ్ళంత తేట.

"కల్లు బొట్టులాగ కారతందేటమ్మా? కుండ కట్టీమంటారా?" అన్నాడు గున్నయ్య. ఏడుస్తున్న పైడమ్మ కూడా ముక్కు చీదుతూ నవ్వింది.

"గడ్డం గుండెకు ఆనించు," అన్నాడు త్రివిక్రమ్. గున్నయ్య సులువుగా ఆనించాడు. క్రిములు లోపలికి వెళ్ళి ఉంటే మెడ బిగుసుకోవాలి, బిగుసుకోలేదు. జ్వరం లేదు. ఇంకా వేళ మించలేదు!

ట్రాలీ వార్డులోంచి దూసుకుపోతుంటే వరండాలో సూపరింటెండెంటు గారి పరివారం ఎదురైంది. "ఏమయ్యా త్రివిక్రమ్, నూరు కొట్టేశావట!" అన్నారాయన చేతులు చాచి. "దారివ్వండి సార్!" అని ట్రాలీ తోసుకుంటూ ఆయన పక్కనుంచే పోయాడు. ఆ లడ్డూలు ఎవరు తిన్నారో అతనికి ఈనాటికీ తెలియదు.

ఆపరేషన్ థియేటర్లో కుట్టు కింది భాగాన్ని శుభ్రం చేసి, త్రివిక్రమ్ స్వయంగా మళ్ళీ బిగించి కుట్టాడు. ఆ చోట ఒత్తిడి పడకుండా నడుము దగ్గర వెన్నులోకి సన్నని గొట్టం వేసి ఆ నీటిని బయటికి మళ్ళించారు. తీసిన నీటిని పరీక్షకు పంపారు. మూడు రోజులు ల్యాబ్ గుమ్మం అరిగేలా తిరిగాడు. మూడోనాడు కాగితం వచ్చింది. క్రిమి ఒక్కటీ లేదు. వార్డు దాకా ఎగురుకుంటూ వచ్చి, అది పైడమ్మ చేతిలో పెట్టాడు. ఆమెకు చదవడం రాదు. మొహం చూసి చదువుకుంది.

"నా తప్పే పైడమ్మా," అన్నాడు. ఆ మాట అనడం అతనికి కొత్త. "ఇకమీదట తడి కాదు, తడి అనే అనుమానం తగిలినా సరే, నన్ను కేకెయ్యి. ఏం చేస్తున్నా వస్తాను."

పైడమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. గొట్టం తీసేసిన రోజున గురుశిష్యులిద్దరూ డాక్టర్ల గదిలో ఇడ్లీ తింటున్నారు. "బాబూ! తడి!" అన్న కేక వార్డు ఆ చివర్నుంచి ఈ చివర దాకా మోగింది. త్రివిక్రమ్ ఎంగిలి చేత్తో లేచి, చెయ్యి కడుక్కుని, పరిగెత్తాడు. కాసేపటికి ఒగరుస్తూ తిరిగొచ్చి కూర్చున్నాడు.

"చెమట మేడమ్. ఇవాళ ఇది మూడోసారి."

"కసిరావా?"

"లేదు."

హైమవతి గారు చట్నీ గిన్నె అతని వైపు జరిపారు. "నాలుగోసారి పిలిచినా వెళ్ళు. అన్నింటికన్నా గట్టిది ఏదని నన్నడిగావే, ఆ కేకే. ఆవిడ పిలవడం మానేసిన రోజున మాత్రం, వెంటనే నాకు చెప్పు."