పొద్దు వెంట పరిగెత్తిన గాడిద

అనగనగా ఒక అడవి. ఎంత కొత్త అడవంటే, అందులోని జంతువులన్నిటినీ దేవుడు ఆ రోజే చేశాడు. వాటిలో ఒక గాడిద, దాని పెళ్ళాం కూడా ఉన్నాయి. రెండూ పచ్చగడ్డి మేశాయి. మట్టిలో దొర్లాయి. "బతుకంటే ఇదేనే!" అనుకున్నాయి.

ఇంతలో పొద్దు వాలింది. పాపం, వాటికి సాయంత్రమంటే ఏమిటో తెలియదు కదా!

"ఏమయ్యా, వెలుగు తగ్గిపోతోందేంటి?" అంది ఆడగాడిద.

"అయిపోతున్నట్టుందే. మొత్తం మనమే వాడేశామేమో! నువ్విక్కడే ఉండు. నేను పోయి పట్టుకొస్తా," అంది గాడిద.

"దేన్ని?"

"ఆ సూర్యుణ్ణి!"

"నన్నొక్కదాన్నీ చీకట్లో వదిలేసి పోతావా? ఇద్దరం కలిసి ఉందాం, రాదూ."

గాడిద వినలేదు. మొదటి గుట్ట ఎక్కింది. సూర్యుడు రెండో గుట్ట మీద ఉన్నాడు. రెండోది ఎక్కింది. మూడో గుట్ట మీదికి పోయాడు. రొప్పుతూ మూడోదీ ఎక్కి దిగితే, ఎదురుగా సముద్రం. సూర్యుడు అందులో మునిగిపోయాడు.

వెనక్కి తిరిగితే దారి లేదు, గుట్టలు లేవు. అంతా చీకటి.

"వెలుగు తెస్తానని బయల్దేరి పెళ్ళాన్ని పోగొట్టుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే!" అని గాడిద భోరుమంది.

నీళ్ళలోంచి ఒక చేప తల పైకెత్తింది. అది ముందు రోజు పుట్టింది. ఆ లోకంలో అదే పెద్దరికం.

"ఎందుకోయ్ ఆ గోల? వెలుగు మళ్ళీ వస్తుందిలే. నిన్న నేనూ ఇలాగే ఏడ్చా. నీళ్ళలో కాబట్టి కనబడలేదు."

"వస్తుందా? ఎవరు తెస్తారు?"

"నువ్వు మాత్రం కాదు," అంది చేప. "ఈ నీళ్ళు నాకంటే పాతవి. ఇవే చెప్పాయి. మొట్టమొదట ఇంతకంటే కటిక చీకటి ఉండేదట. ఆ చీకట్లో దేవుడి ఆత్మ ఈ నీళ్ళ మీదే తిరుగాడేదట. ఆపైన ఆయన మాట వినబడింది. ఆ మాటకే వెలుగొచ్చింది. అప్పటికి నీ సూర్యుడింకా పుట్టనేలేదు! ఈ చీకటికి రాత్రి అని పేరు పెట్టింది కూడా ఆయనే. కాబట్టి భయపడకు. నోరు మూసుకుని విను."

గాడిద నోరు మూసుకుంది. అది గాడిదలకు ఎంత కష్టమో మీకు తెలుసు కదా, పిల్లలూ!

ముందు తన రొప్పే వినబడింది. తర్వాత గాలి. ఆ తర్వాత, గుట్టల అవతల ఎక్కడో, ఒక ఓండ్ర.

పెళ్ళాం పిలుస్తోంది!

ఆ గొంతునే పట్టుకుని, పడుతూ లేస్తూ, గాడిద మూడు గుట్టలూ దాటింది.

"తెచ్చావా వెలుగు?" అంది ఆడగాడిద కోపంగా.

"తేలేదే. తెచ్చేవాడు వేరే ఉన్నాడట. చీకట్లో నిన్ను వదిలి పోవడం నాదే తప్పు. నువ్వు పిలుస్తూనే ఉన్నావు చూడు, అందుకే బతికిపోయా."

రెండూ ఒకదాని మెడ మీద ఒకటి తల ఆనించుకున్నాయి. కాళ్ళ నొప్పులు నెమ్మదించాయి. గడ్డి మీద మంచు పడింది. నిద్ర అనేది ఒకటుందని అప్పుడే తెలిసింది వాటికి.

ఎవరూ పరిగెత్తలేదు. ఎవరూ లాక్కురాలేదు. తూర్పున తెల్లగా వెలుగొచ్చింది.

సంతోషం పట్టలేక, రెండు గాడిదలూ తలలెత్తి గట్టిగా ఓండ్రపెట్టి దేవుడికి స్తోత్రం చెప్పాయి. అడవంతా ఉలిక్కిపడి లేచింది. లోకం మొదలై అది ఏడో రోజు, దేవుడు తన పని ముగించి విశ్రాంతి తీసుకునే రోజు. అయినా ఆయన విసుక్కోలేదు. ఆ పాట కూడా మంచిదే అనుకున్నాడు.

నీతి: వెలుగు మనం పట్టి తెచ్చేది కాదు, దేవుడి మాటకు వచ్చేది. చీకట్లో పరుగు ఆపి పిలుపు వినాలి, వెలుగు రాగానే కృతజ్ఞత చెప్పాలి.