మంత్రిగారి పటం, నాలుగు కడవల నీళ్లు

గట్టు మీదే ఉన్నారుగా, ఏం చూశారో చెప్పండి. మంత్రి గోవర్ధనుడి చేతిలో కాలువ పటం చూశారా, మట్టి పని చేసే సుంకులమ్మ చేతిలో పార చూశారా?

తవ్వాల్సింది మూడు కోసుల పొడవైన కాలువ. నీళ్లు పారకపోతే తవ్వినవాళ్లకు కొరడా దెబ్బలని మంత్రి ముందే చాటించాడు. ఏ రోజు తవ్విన ముక్కలో ఆ రోజే నాలుగు కడవలు పోసి, నీళ్లు ఎటు పోతాయో చూద్దామంది సుంకులమ్మ.

"పటంలో అంతా ఉంది. మొత్తం తవ్వాకే నీళ్లు" అన్నాడు మంత్రి, కాలువ మొదట్లో భోజనానికి కూర్చుంటూ. వంటవాడు ప్రతి గిన్నెలోంచీ ఒక ముద్ద తిని చూపించాడు.

"అదేంటి దొరా, ముందు ఆయన తింటున్నాడు?" అంది సుంకులమ్మ.

"విషముంటే? మొత్తం తిన్నాక తెలిసి ఏం లాభమే?"

"అంతేగా దొరా. మరి మా వీపులకు మాత్రం మొత్తం తవ్వాకే తెలియాలా?"

కూలీలు పకపకా నవ్వారు. మంత్రి చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు. "సరే, పోయండి" అన్నాడు. ఆ రోజు తవ్విన ముక్కలో పోసిన నీళ్లు వెనక్కి పారి, తిన్నగా ఆయన విస్తరి కిందికే వచ్చాయి. పటంలో వాలు తప్పుగా ఉందని తేలింది. ఆ పూటే పటం దిద్ది, తవ్విన ముక్క వాలూ సరిచేశారు. సాయంత్రానికి నీళ్లు ముందుకు ఉరికితే, ఆడా మగా వాటి వెంట గంతులేశారు.

ఆ తప్పు మూడు కోసులూ తవ్వాక బయటపడి ఉంటే, కొరడా ఎవరి వీపు మీద పడేది?