కూర్చోని ఓబులమ్మ

అనగనగా, మన తాతల తాతలకు కూడా తాతలు బతికున్న కాలం. ఒక కనుమకు అటొక కోట, ఇటొక కోట. కొండకోట దొరకూ ఏటికోట దొరకూ కాలవ నీళ్ల దగ్గర తగవు. ఇద్దరూ కత్తులు నూరుకుంటున్నారు.

ఆ కనుమలో ఓబులమ్మ అనే ముసలమ్మ దారిన పోయేవాళ్లకు అంబలి పోసేది. ఏ కోట భటుడొచ్చినా ముంత నింపేది. రాతిగుండు ఎక్కి ఈ కోట వైపు చూసేది, దిగొచ్చి ఆ కోట వైపు చూసేది. ఒక్కచోట నిలవకుండా కాలుగాలిన పిల్లిలా తిరిగేది. తిరగదా మరి? పెద్దకొడుకు తిమ్మడు కొండకోట గోడమీద బల్లెం పట్టుకుని కాపలా. చిన్నకొడుకు గంగడు ఏటికోట గోడమీద కాపలా. నగారా మోగిందంటే ఒకడి బల్లెం ఒకడి గుండెకే.

"కాసేపు కూసో ఓబులమ్మా," అనేవాళ్లు అంబలి తాగినవాళ్లు.

"కూసుంటే ఎట్లా నాయనా? నా బిడ్డలు నిలబడి ఉండారే!"

సంధి మాటలకు మూడుసార్లు డేరా వేశారు. మొదటిసారి కొండకోట మంత్రి పీట ఎత్తుగా ఉందని ఏటికోట మంత్రి లేచిపోయాడు. రెండోసారి పీటలు సమానం చేశారు. ఏటికోట మంత్రి పరుపు మందంగా ఉందని కొండకోట మంత్రి లేచిపోయాడు. మూడోసారి పీటలూ పరుపులూ కొలిచి వేశారు. తీరా చూస్తే ఒకరికి నీడ పడింది, ఒకరికి ఎండ పడింది. ఇద్దరూ లేచిపోయారు! కాలవ మాట ఎత్తితే ఒట్టు, ఆ మహానుభావులు. తెల్లారితే యుద్ధమన్నారు.

ఆ మాట చెవినపడగానే ఓబులమ్మ అంబలికుండ నెత్తిన పెట్టుకుని కొండకోటకు పరుగెత్తింది. దొర ఆమెను ఎరుగును. వేటలో దాహమేసి ఆమె ముంత ఎత్తినవాడే.

"కూసో ఓబులమ్మా," అన్నాడు.

"కూసుంటే ఎట్లా సామీ? నా బిడ్డలు నిలబడి ఉండారే! మీరూ కూసోవద్దు. పీటలు తీసెయ్యండి. నిలబడి మాట్లాడుకోండి."

దొర మీసం దువ్వాడు. "సరే, ముందు వాడి మోకాళ్లే వంగుతాయి," అన్నాడు.

అక్కడినుంచి ఏటికోటకు పరుగు. అక్కడా అదే మాట, అదే మీసం, అదే జవాబు.

పొద్దున్నే దొరలిద్దరూ కనుమలో ఎదురెదురుగా నిలబడ్డారు. వెనక సేనలు నిలబడ్డాయి. ఎండెక్కింది. మోకాళ్లు పీకాయి. ఓబులమ్మ అటు ఒక ముంత, ఇటు ఒక ముంత పోస్తూ తిరుగుతూనే ఉంది.

"పగటి నీళ్లు నువ్వు పెట్టుకో," అన్నాడు ఒకడు, కాళ్లు మార్చుకుంటూ.

"రాత్రి నీళ్లు నీవి," అన్నాడు రెండోవాడు, నడుం పట్టుకుని.

తరాల తగవు మోకాళ్ల నొప్పికి తెగింది!

తిమ్మడూ గంగడూ బల్లేలు పారేసి తల్లి దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. "ఇంక కూసోమ్మా," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఓబులమ్మ పెద్దోణ్ణి చూసింది. చిన్నోణ్ణి చూసింది. ఖాళీ కుండకు వీపు ఆనించి కూర్చుంది. మళ్లీ లేవలేదు.

ఇప్పటికీ ఆ కనుమ ఊళ్లలో తగవు తీర్చేటప్పుడు ఎవరూ కూర్చోరు. మధ్యలో ఖాళీ పీట ఒకటి వేస్తారు. నిలబడే అంబలి తాగుతారు, నిలబడే అరుచుకుంటారు. మాట కుదిరాక, అందరిలోకీ పెద్దామె పీటమీద చెయ్యి వేసి చెప్తుంది:

"ఓబులమ్మ కూసుంది."

అప్పుడు అందరూ కూర్చుంటారు.